కుంకుమ అంటిన చోట కొయ్యి

ఆ ఆదివారం ఉదయం సింగపూర్‌లో యీషున్ పారిశ్రామిక వాడలోని ఆ వర్క్‌షాపులో ఉన్నవి: ఏడేళ్ళ వయసున్న పికప్ ట్రక్కు ఒకటి, దానికి బిగించాల్సిన మట్టిదారి టైర్లు నాలుగు, జాకీ, గ్రైండరు, ఆకురాయి, కాగితపు టేపు, మిల్లీమీటర్లు కొలిచే నా డిజిటల్ వెర్నియర్. ఉన్నవారు: ట్రక్కు యజమాని అయిన అంకుల్, ఆయన భార్య ఆంటీ, నేను. ఆంటీ సంచిలో పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు, డబ్బా నిండా పులిహోర. వర్క్‌షాపు అంకుల్ స్నేహితుడిది. సాయంత్రానికి తుడిచి అప్పగించమని చెప్పి, తాళం మా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

నేను వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. చదివింది మెకానికల్ ఇంజినీరింగు, చేసేది చాంగీ బిజినెస్ పార్కులో సాఫ్ట్‌వేర్. ఈ రెండింటికీ ఏం సంబంధమని అంకుల్ నెలకోసారైనా అడుగుతారు. ఆయన మలేషియాలో పుట్టి, పని కోసం కుర్రతనంలోనే ఇటు వచ్చారు. తోటల పని కాంట్రాక్టులు చేస్తారు. ఆయన తెలుగు వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి ఓడలో తెచ్చుకున్నది. దారిలో కాస్త మలయ్ కలిసింది.

కిందటేడు దురియన్ పళ్ళ కాలంలో మలేషియాలో జొహోర్‌లోని బావమరిది తోటకు వెళ్ళినప్పుడు, ఈ ట్రక్కు ఎర్రమట్టి వాలు మధ్యలో కూరుకుపోయింది. బావమరిది ట్రాక్టరు తెచ్చి, తాడు కట్టి పైకి లాగాడు. లాగినవాడు ఊరుకోకుండా వీడియో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. ఆ తర్వాత దీపావళికి శుభాకాంక్షలతో పాటు అదే వీడియో వచ్చింది. ఉగాదికీ వచ్చింది. ఆంటీ పుట్టినరోజుకు పాట జోడించి మరీ పంపాడు. ఈసారి ఆ వాలు సొంతంగా ఎక్కకపోతే ట్రక్కు అమ్మేస్తానని అంకుల్ అదే గ్రూపులో రాసేశారు. బావమరిది వెంటనే ‘ఎంతకిస్తావు బావా’ అని అడిగాడు.

అందుకే పెద్ద టైర్లు. ఆ సైజు ఇక్కడి నియమాలలో ఇముడుతుందో లేదో అంకుల్ ముందే కనుక్కున్నారు. ఆయన కనుక్కున్నది సరైనదో కాదో నేను కనుక్కున్నాను. కొత్త టైరు వ్యాసం పాతదానికన్నా నలభై రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. అంటే చక్రం మీద గొడుగులా ఉండే ఫెండరు వైపు ఇరవై ఒకటి పెరుగుతుంది. ముందు చక్రాలు తిరిగేటప్పుడు ఫెండరు లోపలి ప్లాస్టిక్కుకూ, బంపరు మూలకూ తగులుతుంది. తగిలేంత మేర కోసెయ్యాలి. ఎంత మేర అన్నది నా శాఖ.

చక్రం తిన్నగా ఉంచి ఆరుచోట్ల, కుడికి పూర్తిగా తిప్పి ఆరుచోట్ల, ఎడమకు తిప్పి ఆరుచోట్ల ఖాళీ కొలిచాను. నోటుబుక్కులో పట్టిక గీశాను. అంకుల్ స్టూలు మీద కూర్చుని చూస్తున్నారు.

“ఏటి బాబూ, బండికి జాకెట్టు కుడతన్నావేటి?”

“ఒకసారి కోస్తే మళ్ళీ అతకదు అంకుల్.”

“నువ్వు కొలిసేలోపు ప్లాస్టిక్కే ముసిలిదైపోయి ఊడిపోద్ది.”

“మీరూరుకోండి,” అన్నారు ఆంటీ. “కిందటేడు కొలవకుండా ఎక్కినోరు ఎవురో మాకు తెలుసు.”

అంకుల్ పులిహోర డబ్బా మూత తీశారు. టేపుతో గీత వేశాను. బంపరు మూలలో ఇరవై ఎనిమిది, లోపలి ప్లాస్టిక్కులో ముప్ఫై ఒకటి. గ్రైండరుతో కోసి అంచులు ఆకురాయితో నున్నగా చేశాను. పైభాగంలో కోయనక్కర్లేదని పట్టిక చెప్పింది. ‘అవసరం లేదు’ అని టేపు మీద రాసి అక్కడ అంటించాను కూడా.

టైర్లు బిగించాక పూజ ఆంటీది. టైరు నేలకానే చోట బొట్టు పెట్టబోతుంటే నేను ఆపాను. అక్కడ పెడితే ఒక్క చుట్టుకే చెరిగిపోతుందని, పక్కకు వంపు తిరిగే టైరు భుజం మీద పెడితే రాపిడి ఉండదు కాబట్టి నిలుస్తుందని వివరించాను.

“బొట్టుకీ లెక్కలేనా!” అంటూనే ఆంటీ నేను చూపిన చోటే, తడి పసుపు దట్టంగా రాసి, చుట్టూ కుంకుమ బొట్లు పెట్టారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాం. అంకుల్ బండి ముందుకు నడిపి నాలుగూ చితక్కొట్టారు. తర్వాత గేటు దగ్గర కుడిపక్కకు పూర్తిగా తిప్పి కాలవ మీది పలక ఎక్కించారు. ఎడమ చక్రం పైకి లేచింది. కర్రుమంది.

“నిమ్మకాయ,” అన్నారు అంకుల్.

“నిమ్మకాయలు అక్కడే ఉన్నాయి అంకుల్.”

టార్చితో ఫెండరులోకి దూరాను. పైభాగంలో, ‘అవసరం లేదు’ టేపుకు అడ్డంగా, అరచేయంత ఎర్ర మరక. కొలతలన్నీ చదునైన నేల మీద తీసుకున్నాను. చక్రం తిరుగుతూ పైకి కూడా లేస్తుందన్నది నా పద్దెనిమిది కొలతల్లో ఒక్కదానిలోనూ లేదు. వాలు ఎక్కాల్సిన బండికి! కాలేజీ వర్క్‌షాపులో రెండు భాగాలు ఎక్కడ తాకుతున్నాయో చూడ్డానికి ఒకదానికి నీలి రంగు పూసేవాళ్ళం; రెండోదానికి రంగు అంటిన చోటే తాకినట్టు. దాని మీద మార్కులు కూడా వచ్చాయి నాకు. ఆంటీ ఆ పనే చేశారు, రంగు మార్చి.

అంకుల్ నా పక్కన వంగి, టేపు మీది అక్షరాలు చదివి, మరక చూసి, మళ్ళీ టేపు చదివారు. టేపు ఊడదీసి నా చేతిలో పెట్టారు.

“సరే గాని,” అన్నారు చివరికి, “కుంకుమ అంటిన చోట కొయ్యి.”

కోశాను. ఆంటీ మళ్ళీ బొట్లు పెట్టారు. అంకుల్ మళ్ళీ పలక ఎక్కించారు. ఈసారి మరక వేలి వెడల్పు. కోశాను. మూడోసారి లోపలంతా ప్లాస్టిక్కు నలుపే. వెర్నియరుతో చూస్తే, కుంకుమ చెప్పి కోయించింది తొమ్మిది మిల్లీమీటర్లు. పట్టికలో ఆ తొమ్మిదికి గడి లేదు. కొత్త గడి గీసి, ‘ఆధారం’ అన్న చోట ‘ఆంటీ’ అని రాశాను.

రెండు వారాల తర్వాత జొహోర్. ముందు రోజంతా వాన. బావమరిది వాలు కిందే ట్రాక్టరు నిలిపి ఉంచాడు. దానికి బంతిపూల దండ వేశాడు.

“రా బావా! నీకోసం తాడు కొత్తది కొన్నా. పన్నెండు మీటర్లు. తెగదు.”

“దాంతో నీ గేదెని కట్టుకో లే.”

“నాకు గేదె లేదు బావా. నువ్వున్నావు.”

అంకుల్ అద్దం పైకెత్తి గేరు వేశారు. ఆంటీ పక్క సీటులో, నేను వెనక. నా చెవి ఫెండరు మీదే ఉంది. సగం దూరం వచ్చేసరికి, కిందటేడు కూరుకుపోయిన చోటే బండి పక్కకు జారింది. అంకుల్ స్టీరింగు పూర్తిగా తిప్పారు, ఎడమ చక్రం గట్టు మీదికి లేచింది. కర్రుమంటుందని పళ్ళు బిగబట్టాను. మట్టి చిమ్మింది, ఇంజిను మూలిగింది, టైరు మాత్రం దేనికీ తగల్లేదు. పట్టు దొరికింది. పైన రేకుల షెడ్డు ముందు బండి ఆగింది.

“సుదా,” అన్నారు అంకుల్. మలయ్‌లో, అయిపోయిందని. హ్యాండ్ బ్రేకు వేసిన చేయి కాసేపు దాని మీదే ఉంచారు.

కింద బావమరిది ఫోను పట్టుకుని నిలబడ్డాడు. వీడియో తీశాడేగాని ఇప్పటికీ గ్రూపులో పెట్టలేదు. అంకుల్ రోజూ చూస్తున్నారు.

తాడు పొడవు పన్నెండు మీటర్లు. వాడింది సున్నా.