టేపు విప్పని పెట్టె

జర్నళ్లు ముందే ఇచ్చేయమని పెద్ద మేడమ్ నాతో చెప్పారు. ఏడాదిపాటు నేను ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ముంబైలో కామాటిపురకు దగ్గరలోని సర్కారు హైస్కూల్లో నేను ప్యూనును. స్టోరు బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. ఏటా ఎవరో ఒకరు నోటుపుస్తకాలు, సైన్సు జర్నళ్లు ఇవ్వకపోతే, గదికో కుటుంబం ఉండే మా చాల్ పిల్లల్లో చాలామందికి చదువు సాగదు. నిరుడు దాతను నేనే పట్టుకొచ్చాను. మా గల్లీలోనే పుట్టి, ఇప్పుడు దూరంగా ఫ్లాటులో ఉంటున్న తెలుగాయన. పెట్టెలు ముందే పంపి, "స్టేజీ మీద నా చేతులతోనే విప్పుతా" అన్నాడు. నా పరువంతా ఆ పెట్టెల టేపు మీదే ఉందనుకున్నాను.

ఫంక్షన్ రెండుసార్లు వాయిదా పడింది. ఈలోగా తొమ్మిదో తరగతి సైన్సు జర్నళ్లు అప్పగించే రోజు దగ్గరపడింది. ప్రయోగాలన్నీ అందులో రాసి, బొమ్మలు గీసి ఇస్తేనే మార్కులు. పెద్ద మేడమ్ నన్ను పిలిచి, ఒక పెట్టె విప్పి జర్నల్ లేనివాళ్లకు ఇచ్చెయ్యమని, మిగతావి ఫంక్షన్‌కు ఉంచమని మరాఠీలో చెప్పారు. తల ఊపి వచ్చాను. విప్పలేదు.

మా చాల్ పై అంతస్తులో పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం ఉంది. తండ్రిది సెంట్రింగ్ పని. వాళ్లమ్మాయిది ఆ తరగతే. పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపు ప్రయోగాలన్నీ రాసి, దారంతో కుట్టి పట్టుకొచ్చింది.

"మామా, ఒక్క జర్నల్ ఇయ్యవా? రాత్రికి రాత్రే ఎక్కిస్త. గీ కాయితాలు సర్ తీస్కోనంటుండు."

"ఆగు పోరీ. సోమవారం ఫంక్షన్ల ఇస్తరు గద."

"సబ్మిషన్ శనివారం మామా!"

"ఫోటో కాకముందే విప్పితే ఆయన ముంగట నా ఇజ్జత్ ఏం గావాలె? సర్‌తోని నేను మాట్లాడ్త తియ్."

మాట్లాడలేదు.

సోమవారం స్టేజీ మీద ఆమెకు జర్నల్ అందింది. ఫోటోగ్రాఫర్ "స్మైల్, స్మైల్" అని అరిచాడు. ఆమె ఆ ఖాళీ పుస్తకాన్నే చూస్తూ నిలబడింది. దాత మొహం చిన్నబోయింది. సాయంత్రానికల్లా కబురు మా నల్లా దగ్గరికి చేరింది.

"ముఫత్‌ల వచ్చినా మహారాణికి నవ్వొస్తలేదట!"

"రాసుడు శాతగాక జర్నలే ఇయ్యలేదట. నఖరాలు మాత్రం మస్తు."

బిందె పట్టుకుని నేనూ ఆ వరసలోనే ఉన్నాను. "ఆ పిల్ల రాసింది" అని ఒక్క మాట అంటే చాలు. బిందె నిండగానే వచ్చేశాను.

సైన్సులో ఆమె తప్పింది. "నలుగుట్ల నా తల దించినవ్, సదివింది సాలు" అని తండ్రి బడి మాన్పించాడు. ధారావిలో బట్టలు కుట్టే కార్ఖానాలో దారాలు కత్తిరించే పనికి పెట్టాడు.

ఆ ఫోటో ఆఫీసు గోడకు ఉంది. రోజూ దాని దుమ్ము తుడిచేది నేనే.

ఈ ఏడు వేరే దాత పంపిన పెట్టెలు వచ్చాయి. ఆ పూటే బ్లేడుతో టేపు కోసి పంచేశాను. ఒక పిల్ల జర్నల్ అందుకోగానే మెట్ల మీదే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. పని ఇంత చిన్నదా అనిపించింది. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పబుద్ధి కాలేదు.

ఆదివారం పొద్దున పై అంతస్తుకు వెళ్లాను. ఆ అమ్మాయి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. "తప్పు నాదే బిడ్డా" అన్నాను. తలెత్తలేదు.

"నాకెందుకు చెప్తవ్ మామా? నాకెర్కే గద. మా నాయనకు చెప్పు."

లోపల తండ్రి గడ్డం గీసుకుంటున్నాడు. "రా అన్నా, కూసో. చాయ్ తాగుతవా?" అన్నాడు. కూర్చోలేదు. కింద నల్లా దగ్గరున్న వాళ్లకు కూడా వినపడేంత గట్టిగా చెప్పాను.

"నీ బిడ్డ అన్ని రాసింది తమ్మీ. జర్నళ్లు నా బీరువల్నే ఉండె. ఇయ్యమని మేడమ్ చెప్పింది, నేనే ఇయ్యలే. ఫోటో కోసం ఆపిన. అందరు ఈ పిల్లను అనవట్టిరి, ఇని గూడ నోరు మూస్కున్న. నీ తల దించింది నీ బిడ్డ గాదు, నేను. మాఫ్ చెయ్ తమ్మీ. బిడ్డా, నువ్వు గూడ మాఫ్ చెయ్."