విరిగిన కాలి క్షేమసమాచారం

ఊరందరికీ అర్జీలు రాసిపెట్టి బతికే నేను, నా కాలు విరిగినప్పుడు నాకోసం రాసుకున్న ఉత్తరంలో బోల్తాపడ్డాను. రేవులో పడ్డది ఒకసారి, కాగితం మీద పడ్డది ఇంకోసారి. రెండోదానికే నొప్పెక్కువ.

అప్పటికి రైలు వంతెన పూర్తికాలేదు. కొవ్వూరు నుంచి రాజమహేంద్రవరం కోర్టుకు ఆవిరిపడవ మీద వెళ్ళేవాణ్ణి. ఆ ఉదయం దిగుతుండగా, పడవకూ మెట్లకూ మధ్య వేసిన పలక జారింది. నా ఎడమకాలు రాతిమెట్టుకూ పడవకూ మధ్య నలిగింది. ఎండుకట్టె విరిగిన చప్పుడైతే, ఎవరిదా అని చుట్టూ చూశాను. పడవ నడిపే సరంగు పరుగెత్తుకొచ్చి, "అయ్యో పంతులుగారూ, పలకకి తాడు కట్టడం మరిచామండి!" అన్నాడు.

ధర్మాసుపత్రిలో డాక్టరుగారు మోకాలి కింద తడిమి, "ఫ్రాక్చరు. రెండు ఎముకలూ పోయాయి. ఆరువారాలు కదలకూడదు," అని చెక్కబద్దల స్ప్లింటు కట్టారు. నాది కోర్టు అరుగు మీద బాసింపట్టు వేసుకుని రాసే పని. కూర్చుంటేనే కూడు.

మొదటివారంలోనే పడవల కంపెనీకి ఉత్తరం రాశాను. తప్పు మీ మనుషులది కనుక, నేను లేచేదాకా మా ఇల్లు గడిచే ఖర్చు ఇప్పించాలని. నెలకు జవాబొచ్చింది. కింద కంపెనీ తరఫున రేవు చూసుకునే ఏజెంటుగారి సంతకం.

"తమ దయవల్ల ఇక్కడ క్షేమమని మొదటి పంక్తిలోనే తెలియజేశారు. సంతోషించాము. క్షేమంగా ఉన్నవారికి నష్టపరిహారం ఉండదు."

చదివి వినిపిస్తే మా ఆవిడ చేటను కింద పెట్టేసింది.

"కాలు విరిగి మంచానపడి, క్షేమమని రాశారేంటండీ?"

"ఉత్తరమన్నాక అలాగే మొదలుపెట్టాలే. మర్యాద."

"అయితే మర్యాదగా కుంటండి."

ఆరువారాలకు స్ప్లింటు విప్పారు. నా పాదం నన్ను కాదని గోడవైపు చూస్తోంది. డాక్టరుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"వంకరగా అతికిందండి. క్లోరోఫారం ఇచ్చి, మళ్ళీ విరిచి కట్టాలి. పదిహేను రోజుల్లోపు రావాలి. దాటితే గట్టిపడిపోతుంది, ఆపైన నా చేతుల్లో లేదు."

"ఎన్నాళ్ళు పడుకోవాలండీ?"

"ఇంకో రెండు నెలలు."

ఇంట్లో బియ్యం వారానికి చాలవు. పడుకుంటే పస్తు, పడుకోకపోతే జన్మంతా అవిటితనం.

ఆ సాయంత్రమే, ఈసారి కంపెనీ యజమానికే రాశాను. మా ఆవిడ పక్కనే కూర్చుంది. నా చెయ్యి అలవాటుకొద్దీ 'త' దగ్గరికి వెళ్ళగానే, "ఆ మాట రాస్తే సిరాబుడ్డి తీసుకుపోతాను," అంది. కాలు విరిగిందన్నదే మొదటి పంక్తి అయింది. తరువాత ఏ రేవు, ఏ రోజు, కట్టని పలక, సరంగు అన్న మాట, చూసినవాళ్ళ పేర్లు, నేను కోరేది, ఏ తేదీలోగా జవాబు కావాలో, రాకపోతే దావా వేస్తాననీ. డాక్టరుగారి చీటీ నకలు జతచేశాను. మర్యాదలేని మనిషినైపోయానని రెండు రోజులు దిగులు.

పడవ కూత వినబడినప్పుడల్లా వీధిగుమ్మం వైపు చూసేవాణ్ణి. పది రోజులు గడిచాయి. పన్నెండు గడిచాయి. కాలు గట్టిపడుతోందేమోనని గంటకోసారి నొక్కి చూసుకునేవాణ్ణి. నొప్పి పుడితే సంతోషం.

పదమూడో రోజున ఏజెంటుగారు స్వయంగా వచ్చి, అడిగిన మొత్తం మంచం మీద పెట్టి, రసీదు రాయించుకున్నారు. మర్నాడే ఆసుపత్రిలో చేరాను. "అంకెలు లెక్కపెట్టండి," అని ముక్కు మీద గుడ్డ వేశారు. పదకొండు గుర్తుంది. మెలకువ వచ్చేసరికి ఒకటే వాంతులు, ఆపైన మూడు రోజులు జ్వరం. "చీము పట్టకపోతే గట్టెక్కినట్టే," అన్నారు డాక్టరుగారు. పట్టలేదు.

ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాను, బాసింపట్టు వేస్తున్నాను. వాన రాకను ఊరికంటే ముందు నా కాలే చెబుతుంది. ఇలాంటి ఉత్తరం రాయవలసివచ్చిన వారికి నేను చెప్పేదొకటే: దెబ్బ సంగతి మొదటి పంక్తిలో పెట్టండి, కుశలప్రశ్నలు కాలు కుదిరాక.

మొన్న వర్షాల్లో ఆ ఏజెంటుగారే దుప్పటి కప్పుకుని నా అరుగు దగ్గరకు వచ్చారు. "చలిజ్వరం పంతులుగారూ. చెయ్యి వణికి కలం నిలవడం లేదు. యజమానిగారికి సెలవు అర్జీ రాసిపెట్టండి."

కాగితం పరిచాను. కలం ముంచి, ఎంతో వినయంగా అడిగాను:

"మొదట 'తమ దయవల్ల ఇక్కడ క్షేమం' అని వేయమంటారాండీ?"

ఆయన వణుకుతూనే నా కాలివంక చూశారు.

"వద్దండి," అన్నారు.