పిలవకుండా వచ్చిన వేటకుక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో చప్పుడు చేయని వాళ్లం ఇద్దరం ఉండేవాళ్లం. ఒకటి మా తాత పెంచుకున్న వేటకుక్క, రెండోది నేను. దానిది తక్కువగా మొరిగే జాతి. నేను మాత్రం అమ్మ చనిపోయిన వానాకాలం నుంచి నోరు తెరవడం మానేశాను. నాన్న నన్ను పెర్కిట్‌లో తాత దగ్గర వదిలి మళ్లీ మస్కట్ పోయాడు.

ఆ కుక్కవి పొడవాటి కాళ్లు, కోసుగా సన్నటి మూతి, నడుముకు అంటుకుపోయిన కడుపు, పైకి తేలిన పక్కటెముకలు. చూసినవాళ్లు తాతను తిండి పెట్టవా అని ఎగతాళి చేసేవాళ్లు. మక్కజొన్న చేనులో కుందేలు లేచినప్పుడు అది పరుగెత్తడం చూస్తే మాత్రం ఆ నోళ్లు మూతపడేవి. తండా నుంచి తెచ్చిన నాటి నుంచి తాత దాని మీద కర్ర ఎత్తలేదు. తాడుకు పాతగుడ్డ కట్టి లాగుతూ ఉరకడం నేర్పాడు, పట్టుకొస్తే జొన్నరొట్టె ముక్క పెట్టాడు. ఒక్క దెబ్బ పడితే ఈ జాతి మళ్లీ దగ్గరికి రాదనేవాడు. దాన్ని 'కొడుకా' అని పిలిచేవాడు.

"కుక్కనేమో కొడుకా అంటడు, కన్న కొడుకును కుక్క అంటడు మా నాయిన" అని మోర్తాడ్ నుంచి వచ్చిన మేనత్త నవ్వేది. నన్ను చూస్తే ఆ నవ్వు ఆగిపోయేది. "గీ పిల్లకు గాలి సోకింది నాయినా. పసుపు అమ్ముడుపోయేదాక చూస్త. గప్పటికీ మాట్లాడకుంటే నా ఎంట తీస్కపోయి మంత్రం ఏపిస్త."

ఆ మాటకు నాకు భయం పట్టుకుంది. మాట్లాడాలని ఉన్నా గొంతు దాటి మాట వచ్చేది కాదు. నాలాగే ఒంటిగా తిరిగే ఆ కుక్కనైనా నాదాన్ని చేసుకోవాలనిపించింది. రొట్టె పట్టుకుని దాని వెంట పడేదాన్ని. చెయ్యి చాపితే చాలు, తల వంచుకుని దూరం జరిగేది.

ఆ ఏడు ఉడికించిన పసుపు కల్లంలో ఆరబోశారు. కుక్క వెనక పరుగెత్తి అలసిపోయిన నన్ను తాత కుప్ప దగ్గర కూర్చోబెట్టాడు. "అత్త బీడీలు చుడుతుంటే తంబాకు అందించి నీ చేతులు ఆ వాసనే కొడుతున్నయ్ బిడ్డ. అది పసుపుల పెరిగిన కుక్క. కొమ్ములు ఏరు. ఎనకకు చూడకు, పిలువకు" అన్నాడు. తానూ నాకు వీపు పెట్టి కూర్చుని కొమ్ములకు అంటిన మట్టి దులపసాగాడు.

మూడు పూటలు అలాగే గడిచాయి. చేతులు పచ్చబడ్డాయి. ఆర్మూరు అంగడికి బస్తాలు కట్టే రోజు దగ్గర పడింది, అత్త నా బట్టలు మూట కట్టింది. ఆ సాయంత్రం నా మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది. సన్నటి మూతి నెమ్మదిగా నా భుజం మీద ఆనింది.

"తాతా, వచ్చింది" అన్నాను.

ఆ మాట నా గొంతులోంచే వచ్చిందని నాకే ఆలస్యంగా తెలిసింది. తాత చేతులు ఆగిపోయాయి. అయినా తల తిప్పలేదు. "కదలకు బిడ్డ. గట్లనే కూసో" అన్నాడు.

అప్పుడు చూశాను ఆ వీపును. అమ్మ పోయినప్పటి నుంచి అందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు, ఊపి ఊపి అడిగారు. తాత ఒక్కడే ఏమీ అడగకుండా, నేను ఎక్కడుంటే అక్కడికి వచ్చి, ఇలాగే అటు తిరిగి కూర్చునేవాడు. నా మాట విన్న అత్త మూట విప్పేసి ఒక్కతే బస్సెక్కింది.

ఇప్పుడు నా ఇంట్లో నేనొక్కదాన్నే. పక్కింటి పాప, వాళ్లమ్మ కువైట్ పోయినప్పటి నుంచి, ఎవరితోనూ మాట్లాడదు. సాయంత్రం పూట నేను వీధికి వీపు పెట్టి అరుగు మీద చింతపండు గింజలు తీస్తుంటాను. ఒక్కోరోజు ఆ చిన్న చెప్పుల చప్పుడు మెట్టు దాకా వచ్చి ఆగుతుంది. మనిషి మాట విని ఎన్నాళ్లో అయిన నాకు తల తిప్పాలని ప్రాణం కొట్టుకుంటుంది.

తిప్పను. కొంచెం పక్కకు జరిగి, చోటు మాత్రం చేస్తాను.