ఊరంతా మోసుకొచ్చిన కప్పు

మా అత్తయ్య పోయిందని ఫోను వచ్చేసరికి నేను నూజివీడు బజార్లో తాండ్రకి బెల్లం తూకం వేయిస్తున్నాను. మధ్యాహ్నం భోంచేసి, వరండాలో మంచం మీద ఒక్క కునుకు తీస్తానని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. అంతవరకు చెప్పి మా ఆయన అవతల ఏడుస్తున్నాడు. నాకు మాత్రం వెంటనే ఏడుపు రాలేదు. ఈ కబురు అత్తయ్యకి ఎవరు చెప్తారా అనిపించింది. నమ్మండి, ముందు అదే అనిపించింది. ఊళ్లో ఏది జరిగినా అందరికంటే ముందు తెలియాల్సింది ఆవిడకే కదా! కొట్టతను "అమ్మా, కాటా చూసుకోండి" అంటుంటే బెల్లం బస్తా మీద అలాగే కూలబడ్డాను.

పోయిన పెద్దవాళ్ల గురించి రాసేటప్పుడు శాంతమూర్తి అనీ, మితభాషి అనీ రాస్తుంటారు. మా అత్తయ్య గురించి అలా రాస్తే ఊళ్లోవాళ్లు నన్ను నిలదీస్తారు. ఆవిడకి అన్నిటికీ సంబరమే. చిన్నరసాలు రంగు తిరిగితే సంబరం. చాట్రాయి బస్సు టైముకి వస్తే సంబరం. పక్కింట్లో కుక్కరు పేలితే, ఎవరికీ ఏమీ కాలేదని తెలిశాక, అదీ సంబరమే. "రావే అమ్మాయ్, రా రా, ఇది నువ్వు చూసి తీరాలి" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఈవిడతో ఎలా వేగాలిరా దేవుడా అనుకున్నాను. పోనుపోను ఒక పూట ఆ పిలుపు వినపడకపోతే నాకే తోచేది కాదు.

ఆవిడకి ఇంకో పిచ్చి కూడా ఉండేది. శుభ్రం. అందులోనూ ఎవరైనా వస్తున్నారంటే ఇక పట్టలేం. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీ కాళ్లు కూడా తుడిచేది. కరెంటు మీటరు చూసేవాడొస్తాడని మీటరు తుడిచిన ఇల్లాలు మా జిల్లాలో ఈవిడ ఒక్కతే అయ్యుంటుంది. ఈ సంగతి ఇక్కడే ఎందుకు చెప్తున్నానంటే, మా కొంప దాదాపు ముంచింది ఆ శుభ్రమే.

తాండ్ర షెడ్డు ఆవిడ ఆలోచన. మామిడి విరగకాసిన ఏడు మార్కెట్లో కాయని అడిగే నాథుడు ఉండడు. మా పెద్దరసాలు తోటలోనే కుళ్లుతుంటే ముక్కు మూసుకుని తిరిగేవాళ్లం. అలాంటి ఒక ఏడు, "పండు రేపటికి ఆగదు, తాండ్ర ఏడాది ఆగుతుంది. షెడ్డేద్దాం పద" అంది. అప్పటికి ఆవిడకి మనవలు. ఈ వయసులో ఈవిడకెందుకమ్మా ఈ గోల అని మావాళ్లే ఎదురుగా అన్నారు. ఆవిడ విననట్టే ఊరుకుంది కానీ, ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడే మహిళా గ్రూపు తరఫున లోను అడగడానికి నన్ను బ్యాంకుకి బయల్దేరదీసింది.

ఊరి చివర మా పొలంలో ఇనప రేకులతో షెడ్డు లేచింది. వేడి దిగకుండా రేకుల పైన తెల్ల పెయింటు వేయించాం. లోపల రసం తీసే మిషను, డ్రమ్ములు, బయట తాండ్ర చాపలు ఆరేసుకోవడానికి గచ్చు. లోనుతోపాటు ఇన్సూరెన్సు కూడా తీసుకోవాలని బ్యాంకువాళ్లు చెప్తే మా ఆయన సణిగాడు. అత్తయ్య మాత్రం, "గాలికి పోయినా ఇస్తారా! వానకి పోయినా ఇస్తారా! ఎంత మంచివాళ్లమ్మా!" అని మురిసిపోయింది.

ఆ మాట అన్న మొదటి సీజన్లోనే గాలి వచ్చింది. మైలవరం వైపు ఆకాశం నల్లబడుతుంటే మామూలు వేసవి వానే అనుకున్నాం. తలుపులు వేసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఇంటి కిటికీలోంచి చూస్తే షెడ్డు కనపడుతుంది. అత్తయ్య కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, "అదిగో, లేచింది! అమ్మాయ్, అదిగో ఇంకోటి! అబ్బ, ఏం గాలే తల్లీ, రేకు గిరగిరా తిరుగుతోంది చూడు!" అని కేకలు. నేను వెనక నిలబడి ఏడుస్తున్నాను. నాలుగైదు రేకులు లేచాక ఆవిడ కేకలు ఆగిపోయాయి. ఊచలు వదిలేసి నా వైపు తిరిగి, చిన్నపిల్లలా అడిగింది.

"అవి మనవే కదే?"

మర్నాడు ఊరంతా తోటల్లోనే ఉంది, రాలిన కాయలు ఏరుకుంటూ. మేము షెడ్డు దగ్గర. దూలాలు నిలబడ్డాయి, పైన కప్పు లేదు. వంగిపోయిన రేకులు, చిరిగిపోయిన రేకులు పొలమంతా పడున్నాయి. మా ఆయన ఇన్సూరెన్సువాళ్లకి ఫోను చేస్తే, సర్వేయరు వచ్చి చూస్తాడు, అంతవరకు సామాను ఏదీ కదపొద్దన్నారు. క్లెయిము వస్తేనే మళ్లీ కప్పు. కప్పు లేకపోతే తాండ్ర లేదు, ఎందుకంటే ఎండబెట్టిన చాపలు మబ్బు పట్టగానే లోపలికి చేర్చాలి. సీజను చూస్తే సగంలో ఉంది. ఇల్లిల్లూ తిరిగి గ్రూపు ఆడవాళ్లని ఒప్పించింది అత్తయ్య. వాళ్ల ముందు తలెత్తుకోవాలంటే ఆ షెడ్డు నిలబడాలి.

సర్వేయరు వస్తానన్న రోజు పొద్దున్నే నేనూ మా ఆయనా టార్పాలిన్లు కొనడానికి నూజివీడు వెళ్లాం. తిరిగొచ్చేసరికి, ఏం చెప్పమంటారు! పొలంలో ఒక్క రేకు లేదు. షెడ్డు గచ్చు కడిగేసి ఉంది. గుమ్మం ముందు కళ్లాపి, దాని మీద పద్మం ముగ్గు. మధ్యలో ఒక కుర్చీ, పక్కన స్టూలు మీద మంచినీళ్లు. అత్తయ్య కొంగు దోపుకుని నిలబడి, "ఎలా ఉంది?" అంది.

మా ఆయన టార్పాలిన్లు అక్కడే కింద పడేశాడు. "రేకులేవమ్మా?"

"పంచేశానురా. ఆఫీసరొచ్చేవేళకి చెత్త గుట్టలుగా పడుంటే ఏం మర్యాద? కోళ్లగూటికి అడిగినవాళ్లకి కోళ్లగూటికి, గడ్డివాముకి అడిగినవాళ్లకి గడ్డివాముకి. సామాను మాత్రం వీసమెత్తు కదపలేదు, చూసుకో." నిజమే. మిషను, డ్రమ్ములు, ఆఖరికి గరిటె కూడా ఉన్నచోటే ఉన్నాయి. ఆవిడ లెక్కలో సామానంటే అవి. విరిగిన రేకు చెత్త.

మేము ఇంకా నోళ్లు తెరుచుకుని ఉండగానే బెజవాడ నుంచి కారు వచ్చి ఆగింది. సర్వేయరు కుర్రాడే, మర్యాదస్తుడు. మంచినీళ్లు తాగాడు, చుట్టూ ఒకసారి తిరిగాడు, పైకి చూశాడు, కిందికి చూశాడు.

"డామేజీ ఎక్కడండీ?"

మా ఆయన ఫోన్లో ఫొటోలు చూపించాడు. గాలి తగ్గగానే మసక వెలుతుర్లో తీసినవి. సగం వాటిలో ఆయన బొటనవేలే ఉంది. సర్వేయరు ఇబ్బందిగా నవ్వి, "సార్, ఇక్కడ చూస్తే కొత్తగా కప్పు వేసుకోబోతున్న షెడ్డులా ఉందండి. పాత రేకులు మీరే విప్పేశారని ఆఫీసులో అంటే నేనేం చెప్పను? గాలికి పోయాయనడానికి ఏదో ఒకటి కనపడాలి కదండీ" అన్నాడు.

అత్తయ్య మొహం చూడాలి మీరు. ముందు తెల్లబోయింది. ఏం చేసిందో అప్పుడు అర్థమైంది ఆవిడకి. కుర్చీ వెనక పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది, ఇక ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దోపిన కొంగు ఇంకా బిగించింది.

"బాబూ, తప్పు నాదే. మా కప్పు ఊళ్లో ఉంది. చూపిస్తా రా నాయనా."

"మామ్మగారూ, నాకు ఇంకో ఊరు వెళ్లాలండి."

"కాఫీ తాగేంతసేపు. రా!"

చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది! నన్ను లాక్కెళ్లినట్టే, ఇన్సూరెన్సు సర్వేయర్ని నడివీధిలో! వెనక మేమిద్దరం పరుగు. మొదటి ఇంటి ముందే కేకేసింది, "ఒసేయ్, మా కప్పు పట్రండే!"

ఆ ఇంటావిడ అప్పటికే రేకు కోళ్లగూటి మీద పరిచి, పైన రాళ్లు పెట్టుకుంది. "ఇచ్చిన చేత్తోనే పుచ్చుకుంటారా పిన్నిగారూ?" అంది మూతి ముడిచి.

"పుచ్చుకోను, చూపించి ఇచ్చేస్తా. పొద్దుగూకేలోగా నీ కోళ్లకి కప్పు, నాది పూచీ. మీ ఆయన్ని పిలు, మొయ్యాలి."

ఒక ఇల్లు కదిలాక వీధి కదిలింది. దడికి కట్టిన రేకు విప్పారు. గడ్డివాము మీద రేకు దించారు. చర్చి వంటపాకకి అత్తయ్యే స్వయంగా పంపిన రేకుని పాస్టరుగారు నెత్తిన పెట్టుకుని, "అమ్మగారూ, ఎక్కడ దించమంటారండీ?" అంటూ వచ్చారు. ఒకాయన రేకు కింద తల కనపడదు, ఊరికే కాళ్లు నడుస్తున్నాయి. చూసినవాళ్లు పనులు మానేసి వెంటపడ్డారు. నవ్వులు, అరుపులు, రేకుల చప్పుడు! పెళ్లి ఊరేగింపుకి కూడా మా వీధిలో అంత సందడి నేను చూడలేదు. సర్వేయరు మొదట్లో వాచీ చూసుకున్నాడు, తర్వాత ఫోను తీసి ఫొటోలు కొట్టడం మొదలుపెట్టాడు.

తాండ్ర చాపలు పరిచే గచ్చు మీద అత్తయ్య దగ్గరుండి రేకులు పరిపించింది. తెల్ల పెయింటు పైకి. చిరుగుకి చిరుగు కలిపి, బోల్టు బెజ్జానికి బెజ్జం కలిపి. "అది కాదురా, దానిది ఆ పక్క. తిప్పు. ఆఁ, కూర్చుంది!" ఒక్కోటి సరిగ్గా అమరినప్పుడల్లా చప్పట్లు. చూస్తుండగానే మా కప్పు నేల మీద తయారైంది. సర్వేయరు టేపు పెట్టి కొలిచాడు. అయినా అతని మొహంలో సందేహం పూర్తిగా పోలేదు. "వంగాయి, చిరిగాయి, సరేనండి. గాలే చేసిందని..." అని నసిగాడు.

అప్పుడు పక్కతోట కౌలుకి తీసుకున్నాయన తల గోక్కుంటూ ముందుకొచ్చాడు. "పిన్నిగారూ, మీరు పొద్దున దింపమన్న రేకు మా చెట్టు మీదే ఉందండి. ఎక్కలేక వదిలేశాం."

అత్తయ్య కళ్లు మెరిశాయి. అందరం తోటలోకి పరిగెత్తాం. పెద్దరసం చెట్టు, నడికొమ్మ. రేకు నిలువుగా చీల్చుకుని కొమ్మలోకి దిగిపోయి ఉంది. హుక్కు బోల్టులు ఇంకా దానికే వేలాడుతున్నాయి, దూలం నుంచి ఊడొచ్చిన ఇనప ముక్కతో సహా. ఆవిడ చీపురు అందని చోటు ఊళ్లో అదొక్కటే.

"బాబూ, అంత ఎత్తున ఎవరు పెట్టారంటావు? నేనెక్కి పెట్టానా?"

సర్వేయరు ఫక్కున నవ్వేశాడు. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు, చెట్టు కింద అత్తయ్యని నిలబెట్టి కూడా ఒకటి. విరిగిన రేకుల విలువ పాత ఇనుము కింద కొంత తగ్గించుకుని మిగతా నష్టం రాస్తాననీ, రేకులు మాకే వదిలేస్తాననీ చెప్పాడు. జనం సంబరంగా గోల చేస్తుంటే అత్తయ్యే సర్దింది. "ఇల్లలకగానే పండగ కాదు. డబ్బు రానీండి, అప్పుడు అరుద్దురుగాని." ఆ సాయంత్రమే ఎవరి రేకు వాళ్లింటికి పంపించింది. కోళ్లగూటి రేకు ముందు.

తర్వాత ఆ సంగతి ఎత్తితే ఆవిడ సిగ్గుపడేది కాదు. పైగా అది ఆవిడ ఊతపదం అయిపోయింది. ఊళ్లో ఎవరిది ఏది పోయినా, గేదె దూడ దగ్గర్నుంచి ఉద్యోగం దాకా, "గాలి తీసుకెళ్లింది ఎక్కడికీ పోదమ్మా, ఎవరో ఒకరి దొడ్లో ఉంటుంది. అడగాలి, అంతే" అనేది. నవ్వేవాళ్లు నవ్వేవాళ్లు. ఆ మాట పట్టుకుని లేచి వెతుక్కున్నవాళ్లని కూడా నేను చూశాను. నేను అందులో ఒకదాన్ని. ఆవిడ చెయ్యి పట్టుకుని లాగకపోతే నేను బ్యాంకు గుమ్మం ఎక్కేదాన్ని కాదు, పదిమంది ఆడవాళ్లతో షెడ్డు నడిపేదాన్ని కాదు. ఆవిడ నాకు ఇచ్చింది అదీ.

ఆ ఏడు క్లెయిము అడిగినంత రాలేదు, కప్పుకి సరిపడా వచ్చింది. సీజను ముగియకముందే కొత్త రేకులు ఎక్కాయి, ఈసారి బోల్టులు రెట్టింపు. రేకులు బిగించి మనుషులు దిగారో లేదో, వాన మొదలైంది. పరుగులు పెట్టి చాపలన్నీ లోపలికి చేర్చాం. చుట్టూ బంగారు రంగు తాండ్ర, ఒక్క చుక్క కూడా దాని మీద పడలేదు. రేకుల మీద వాన ఎలా మోగుతుందో మీకు తెలుసు కదా, పక్క మనిషి మాట వినపడదు. షెడ్డు ఆ చివర, మిషను పక్కన నిలబడి అత్తయ్య నాతో ఏదో చెప్తోంది. "ఏంటత్తయ్యా?" అని అరిచాను. మళ్లీ చెప్పింది. వినపడలేదు. చెవి చూపించి తల అడ్డంగా ఊపాను. ఆవిడకి నవ్వాగలేదు, నాకూ ఆగలేదు. వాన ఇంకా పెరిగింది. ఆవిడ చెప్తూనే ఉంది, రెండు చేతులూ కప్పు వైపు ఎత్తి, మొహమంతా వెలిగిపోతూ. ఒక్క ముక్క వినపడకపోయినా నేను అవునవునని తలూపుతూనే ఉన్నాను.