నూనె డ్రమ్ములో చిలక

మా బావ ఆమదాలవలసలో ఏళ్ల తరబడి నూనె వ్యాపారం చేశాడు. మోకాళ్లు అరిగాక కొట్టు కూతురికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడన్నది మాటవరసకే. నిజానికి మా అక్క వంటింట్లో నించున్నాడు. వంకాయలు నిలువుగా తరగాలనీ, పోపులో ఆవాలు ఎక్కువయ్యాయనీ రోజంతా ఒకటే పర్యవేక్షణ.

"ఒరే తమ్ముడూ, మీ బావకి ఏదో ఒక పని సూపించరా. నా వంటిల్లు నాకు వదిలీమని సెప్పరా," అని అక్క ఫోన్లో మొరపెట్టుకుంది.

నేను శ్రీకాకుళంలో కాలేజీ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఆదివారం బస్సెక్కి వెళ్లి, బావకి ఫోన్లో ఒక వీడియో చూపించాను. హైతీ అని కరీబియన్ దీవుల్లో చిన్న దేశం. అక్కడివాళ్లు పాత ఇనప డ్రమ్ముల మూతలు తీసేసి, లోపల గడ్డి కూరి కాల్చి, నిలువుగా చీల్చి, రేకుని చదునుగా సాగగొడతారు. దాని మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, ఉలీ సుత్తీ పట్టి చెట్లూ పిట్టలూ చేపలూ మలుస్తారు.

బావ రెప్ప వెయ్యకుండా చూశాడు. "ఇదేటి బెమ్మవిద్దా? ముఖలింగం గుడి గోడల మీద లతలు సూస్తా పెరిగినోణ్ణి నేను! డ్రమ్ములంటావా, మన కొట్టు ఎనకాల తుప్పు పట్టిపోతన్నాయి."

మర్నాడే ఒక డ్రమ్ము పెరట్లోకి వచ్చింది. గడ్డి కాల్చిన పొగకి పక్కింటావిడ ఆరేసిన చీరలన్నీ లాక్కుని, మా వాళ్లని తిట్టుకుంటూ లోపలికి వెళ్లిందట. తరవాతి ఆదివారం నేను వెళ్లేసరికి, వెల్డింగ్ షాపులో చీల్పించి తెచ్చిన రేకు నేల మీద ముడుచుకుని పడుంది.

"నా మోకాళ్లు పనికిరావు గానీ, నువ్వెక్కి తొక్కరా," అన్నాడు బావ.

నేను పైకెక్కి తొక్కుతున్నాను, ఆయన అంచుల మీద సుత్తితో బాదుతున్నాడు. అక్క చెవులు మూసుకుని బయటికొచ్చింది.

"తప్పెటగుళ్లు ఆడతన్నారేటి ఇద్దరూ? పని సూపించమన్నాను గానీ, నా సెవులు పోగొట్టమన్నానేట్రా?"

బావ నెమలి మొదలుపెట్టాడు. వారమంతా కొట్టి, ఆకురాయితో అంచులు రాసి, గోడకి ఆనించి, మమ్మల్ని పిలిచాడు. అక్క తల అటూ ఇటూ వంచి చూసింది.

"బాగానే ఉన్నాది. వంకాయికి తోక మొలిసినట్టున్నాది."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. బావ ఉలి మూల పడేశాడు.

రెండు రోజుల తరవాత మళ్లీ అక్క ఫోను. ఈసారి గొంతులో బెంగ. "ఒరే, ఇవాళ కూరలో ఉప్పెయ్యడం మర్సిపోనాను. మీ బావ తినీసి ఎల్లిపోనాడు. ఏటీ అన్లేదురా!"

ఉప్పు లేదని అననందుకు ఎవరైనా ఏడుస్తారా? మా అక్క ఏడ్చింది.

ఆ సాయంత్రం తనే సుద్దముక్క తీసుకుని పెరట్లో మిగిలిన రేకు ముందు కూర్చుందట. చిన్నప్పటి నుంచీ ముగ్గులు తిప్పిన చెయ్యి. ఒక లత, ఆకుల మధ్య రెండు చిలకలు. కాసేపటికి బావ వచ్చి వెనక నించున్నాడు.

"తోక అలగ కాదే, ఇంకొంచెం కిందకి దించు."

అక్క ప్రాణం లేచొచ్చింది. మాట మాత్రం, "అంత తెలిసినోరు మీరే గీయండి," అంది.

ఆవిడ గీసింది, ఆయన కొట్టాడు. ఒకచోట ఉలి జారి చిలక ముక్కు ఎగిరిపోయింది. బావ సుత్తి కింద పెట్టేశాడు. అక్క ఆ గీత తుడిచేసి, చిలక మెడ వెనక్కి తిప్పి, వీపు మీద రేకులో కొత్త ముక్కు గీసింది.

"ఏటే ఇది?"

"మొగుడితో పడక మొకం తిప్పుకున్నాదండి."

అది ఇప్పుడు వాళ్ల హాల్లో గోడ మీద ఉంది. వచ్చినవాళ్లకి బావ, "హైతీ పనితనం, నేనే సేసినాను," అంటాడు. "ఉలి ఆయనే పట్టుకున్నారు," అని అక్క కాఫీ గ్లాసులు అందిస్తుంది.

మొన్న ఆదివారం రెండో డ్రమ్ము విప్పారు. చేపలా, ఏనుగులా అని పొద్దున్నుంచీ దెబ్బలాట. నేను బయల్దేరుతుంటే అక్క ఫోను చేసింది.

"తమ్ముడూ, పొయ్యి ఎలిగించలేదురా. వస్తా వస్తా ముగ్గురికీ ఇడ్లీలు కట్టించుకుని రా."