కరీం తెచ్చిన జెండా

మా వీధి కుర్రాళ్ళు కట్టిన బ్రెజిల్ జెండా చూడగానే బందరు జాతర పెద్ద గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

డెబ్బై ఎనిమిది వేసవిలో, ప్రపంచకప్పు మోజులో, జాతర మైదానంలో మేమూ ఫుట్‌బాల్ పోటీ పెట్టుకున్నాం. మా గోల్‌కీపర్ కరీం, దర్జీ అయిన వాళ్ళ నాన్న చేత అచ్చం ఇలాంటి ఆకుపచ్చ జెండానే కుట్టించి తెచ్చాడు. జాతర పెద్ద వచ్చి దాన్ని పీకేశాడు.

“అమ్మవారి జాతరలో సాయిబుల జెండా ఏంట్రా?”

“బ్రెజిల్‌దండీ!” అన్నాడు కరీం.

“నోర్ముయ్! రంగు చూస్తే తెలీదా మాకు?” అంటూ చించి పారేశాడు.

ఆయన అర్జెంటీనా అభిమాని కాబోలనుకున్నాను. అర్జెంటీనా కప్పు గెలిచినప్పుడు కసితో ఏడ్చాను కూడా. కరీం మాత్రం పీలికలు ఏరుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మాతో ఆడలేదు.

ఆ రోజు అమ్మవారికి కట్టిన పట్టుచీర కూడా ఆకుపచ్చదే. దానికి అందరూ దణ్ణం పెట్టారు.