పగడాల తొట్టిలో రాగి పైస

ఈ మాట నా గొంతులో ఇరుక్కుని పదిహేనేళ్లు దాటింది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి, ఇది మాత్రం లోపలికి దిగదు, బయటికి రాదు. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. దానికీ ఈ సంగతి తెలియదు. చదివే మీకూ, రాసే దానికీ ఒక్కసారే చెబుతున్నాను. మధ్యలో అది కలం ఆపితే ఆపనీ. నేను ఆగకూడదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేను.

మా ఆయన రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. వనపర్తి బస్టాండు వెనక సందులో డబ్బా కొట్టు. రెండువేల ఎనిమిదో, తొమ్మిదో అయ్యుంటుంది, అప్పటికే జనం పాత టీవీ బాగుచేయించడం మానేసి కొత్తది కొనుక్కుంటున్నారు. కొట్టు తెరిచి ఊరికే కూర్చున్న రోజులు ఎక్కువయ్యాయి. అట్లాంటప్పుడు పళ్ల డాక్టరు పిలిచాడు.

ఆ డాక్టరు సముద్రం పక్క ఊళ్లో చదువుకుని వచ్చినవాడు. ఇంట్లో ముందు గదిలో పెద్ద గాజు తొట్టి పెట్టుకున్నాడు. అందరిళ్లలో ఉండే చేపల తొట్టి కాదు, ఉప్పునీళ్లది. సముద్రపు ఉప్పు ప్యాకెట్లలో తెప్పించి నీళ్లలో కలిపేవాడు. లోపల రాళ్లు, రాళ్ల మీద పగడాలు. పగడమంటే అప్పటిదాకా నాకు ఉంగరంలో పెట్టుకునే ఎర్రరాయే. ఇవి బతికున్నవి. వెలుతురు పడితే పసిపిల్ల వేళ్లలాగా విచ్చుకునేవి, దీపం ఆర్పితే ముడుచుకునేవి.

వాటికి ఎండంత వెలుతురు కావాలట. డాక్టరు మొదట్లో పెట్టిన పెద్ద బల్బులకు నీళ్లు వేడెక్కిపోయేవి. మా పాలమూరు ఎండలు సరేసరి. పైగా కరెంటు కోతలు, ఇన్వర్టరు ఆ బల్బులను మోయలేకపోయేది. ఎల్ఈడీలు అప్పుడు కొత్త. తయారుగా ఉన్న లైటు ఎక్కడో విదేశం నుంచి రావాలి. డాక్టరు కంప్యూటరులో వెతికి కాగితాలు తెచ్చి, మనమే చేసుకుందామా అని మా ఆయనను అడిగాడు.

ఆ కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చిన రోజు ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది. పెళ్లినాటి ముఖం.

గోరంత దీపాలు, కొన్ని నీలివి, కొన్ని తెల్లవి. అల్యూమినియం పలక మీద వరుసగా బిగించాలి. ఒక్కోదాని కింద తెల్లటి పేస్టు పలుచగా రాయాలి. అది సరిగ్గా లేకపోతే వేడి పలకలోకి దిగక దీపం మాడిపోతుంది. ఆయనకు అప్పటికే చేయి కొంచెం వణికేది. పేస్టు పని నాకిచ్చాడు. అగ్గిపుల్లతో రాసేదాన్ని. వెనక పాత కంప్యూటరు ఫ్యాను పెట్టాడు, రాగి తీగలు అతికాడు, అతుకుల మీద గమ్ములాంటిది పూశాడు. నాకు ఆయన పని గురించి ఏదైనా తెలిసిందంటే ఆ నాళ్లలోనే.

ఒక మాట చెప్పాలి. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆయన నోట నేను విన్నది ‘నీకేం తెల్వదు ఊకో’ అన్న మాటే. తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు, అలా అనేవాడు అంతే. లైటు బిగించిన రోజు డాక్టరు ముందు మాత్రం, ఈ పేస్టు పని మా ఇంటామెది సార్, నాకంటే సాపుగా రాసింది అని చెప్పాడు. ఆ మాట విని నేను గోడవైపు తిరిగాను. నా తప్పుకు మూలం ఆ సంతోషంలోనే ఉందనుకుంటాను. లేదా ఇది కూడా ఒక సాకేనా?

లైటు వెలిగింది. పగడాలు ఇంతకుముందు లేనంతగా విచ్చుకున్నాయి. హైదరాబాదులో ఇట్లాంటి తొట్లు పెట్టుకున్న డాక్టరు స్నేహితులు వచ్చి చూసి, మాకూ చేసిపెట్టమన్నారు. ఇక కొట్టు నిలబడుతుంది, పిల్ల చదువు నిలబడుతుంది అనుకున్నాం.

తర్వాత డాక్టరు వాళ్లు పెళ్లికని ఊరెళ్లారు. ఎండకు తొట్టిలో నీళ్లు ఇంకిపోతాయి, శుద్ధిచేసిన నీళ్లు గీత వరకు రోజూ పోయాలి. తాళంచెవి మా ఆయనకిచ్చారు. ఒకరోజు ఆయనకు పనిపడి నన్ను పంపాడు.

ఇంట్లో ఎవరూ లేరు. నేనూ, నీలంగా వెలుగుతున్న ఆ నీళ్లూ.

నేను సముద్రం చూడలేదు. నాకు తెలిసింది కృష్ణే. మా పుట్టిల్లు కృష్ణకు అవతల, గట్టు అనే ఊరి దగ్గర. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ బీచుపల్లి వంతెన మీద బస్సులో అందరూ బిళ్ల విసిరి దండం పెడతారు. మా అమ్మ అందుకోసమే పాతకాలపు రాగి పైసలు డబ్బాలో దాచి, నేను వెళ్లినప్పుడల్లా రెండు చేతిలో పెట్టేది. ఈ తెల్లబిళ్లలు కృష్ణమ్మకు ఆనవు, రాగే వేయాలి అనేది. ఆమె అట్లా ఇచ్చిన ఒకటి ఆ రోజు నా సంచిలో మిగిలి ఉంది.

సముద్రం కృష్ణకంటే పెద్దది గదా. ఆయన చేతి పని నిలవాలి తల్లీ, పది ఇళ్లలో ఆయన దీపాలు వెలగాలి అని మొక్కి, ఆ పైస నీళ్లలో వదిలాను. రాయి వెనక ఇసుకలోకి జారిపోయింది. మనసు తేలికైంది. నీళ్లు పోసి తాళం వేసి వచ్చాను.

డాక్టరు తిరిగొచ్చిన కొన్నాళ్లకు గాజు మీద పాకే నత్తలు రాలిపోయాయి. ఆ తర్వాత రొయ్యలు పోయాయి. పగడాలు విచ్చుకోవడం మానేశాయి. మెల్లగా వాటి కండ కరిగి తెల్లటి ఎముక మిగిలింది. చేపలు మాత్రం బాగానే తిరిగేవి, అందుకని నీళ్లను ఎవరూ అనుమానించలేదు. వెలుతురు ఎక్కువైందనుకుని మా ఆయన లైటు పైకి జరిపాడు, తగ్గించాడు, రోజుకు రెండుసార్లు వెళ్లి చూసొచ్చాడు. చివరికి పగడాలు అమ్మిన పట్నం షాపతను ఫోనులో, నీళ్లలో రాగి చేరిందేమో చూడమన్నాడు. డాక్టరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఉందని తేలింది.

ఆ సాయంత్రం ఆయన లైటు విప్పుకుని ఇంటికి తెచ్చాడు. గడప మీద కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాడు.

“నీళ్లల్ల రాగి కలిసిందంట. రాగి తగిల్తే పగడాలు బతకయంట.”

నేను బియ్యం ఏరుతున్నాను. ఏరిన రాయిని మళ్లీ బియ్యంలోనే వేశాను.

“నువ్వు నీళ్లు పోసిన దినం దాంట్ల ఏమన్న ఏసినవా?”

“నేనేమేస్త? నువ్వు జెప్పిన నీళ్లే పోసిన.”

“ఏ చెంబుతోని పోసినవ్?”

“ఆడున్న ప్లాస్టిక్ మగ్గుతోనే.”

ఆయన తల ఊపాడు. ఒక అతుకు నాకు చూపించాడు. ఉప్పు ఆవిరి తగిలి ఆవగింజంత పచ్చమరక ఉంది.

“అయితే నా తీగెలే. ఈ ఒక్క అతుకు సక్కగ మూయలే నేను.”

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. చాయ్ పెట్టాల్నా అని అడిగాను.

డాక్టరు తొట్టి ఖాళీ చేస్తుంటే కడగడానికని నేనే వెళ్లాను. ఇసుకలో చేయి పెట్టి ఆ పైసను తీశాను. పచ్చగా, జిగటగా ఉంది. పిడికిట్లో పట్టుకొచ్చి మురికికాలువలో వేశాను. మొక్కడం తప్పు కాదు, తెలియక చేసింది తప్పు కాదు, అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. నిజమే. మరి తెలిశాక దాచింది? ఆ అతుకు వల్ల కూడా కొంత జరిగిందేమో అని సర్దిచెప్పుకున్న రోజులూ ఉన్నాయి. సాకు కోసం మనసు ఎంత దూరం పోతుందో చూడండి.

డాక్టరు ఒక్క మాట అనలేదు. హైదరాబాదు వాళ్ల పని కూడా డాక్టరు వద్దనలేదు. మా ఆయనే వద్దన్నాడు, నా చేతి మీద నాకే నమ్మకం లేదు సార్ అని. కానీ సంగతి బజారుకెక్కింది. చాయ్ హోటలు దగ్గర ఒకతను, “మా టీవీ గూడ జర చూడన్నా, దాంట్ల పానమున్నయి ఏం లేవులే, సచ్చేటివి ఉండవు” అన్నాడట. అందరూ నవ్వారట. ఆయన కూడా నవ్వి, ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి, అన్నం తినకుండా పడుకున్నాడు.

కొట్టు మూసేశాడు. గద్వాలలో పత్తి మిల్లు గేటు దగ్గర కాపలా కూర్చున్నాడు. ఇంట్లో ఫ్యాను తిరగకపోతే పక్కింటాయన్ని పిలిచేవాడు. ఎప్పుడైనా తింటూ తింటూ ఆగి, ఆ ఒక్క అతుకు మూసుంటే అనేవాడు. నేను కూర వడ్డించేదాన్ని.

ఎందుకు చెప్పలేదు? భయమా? ఆయనను చూసి నాకెన్నడూ భయం లేదు. నాకంటే సాపుగా రాసింది అన్న ఆ ఒక్క మాట పోతుందని. మళ్లీ ‘నీకేం తెల్వదు’ దగ్గరికి వెళ్లాలని లేదు. నాకు దక్కిన ఒక్క మెప్పు కోసం ఆయన బతుకంతా సంపాదించుకున్న మెప్పును పోనిచ్చాను. ఇంతకంటే మంచి కారణం దొరుకుతుందేమోనని ఇన్నాళ్లు వెతికాను. దొరకలేదు.

ఆయన పోయి ఎనిమిదేళ్లు. దవాఖానలో చివరి దినాల్లో కూడా పక్కనే ఉన్నాను. అప్పుడూ చెప్పలేదు. చెప్పి ఆయన బాధ పెంచుతానా అనుకున్నాను. పెరిగేది ఆయన బాధ కాదు, నాది.

డాక్టరు ఆ లైటును తర్వాత మా ఇంటి నుంచి తెప్పించుకుని మామూలు చేపల తొట్టి మీద పెట్టుకున్నాడు. నేను ఒకసారి పన్ను నొప్పికి వెళ్లి చూశాను. ఏళ్లు గడిచినా ఒక్క దీపం మాడలేదు. ఆ సంగతైనా ఇంటికొచ్చి ఆయనకు చెప్పలేదు.

ఇదిగో, నా బిడ్డ రాయడం ఆపింది. నా వైపు చూడటం లేదు. ఇది గూడ రాయాల్నా అమ్మా అంటోంది. రాయి అన్నాను. నాయన ఆఖరిదాకా అతుకు అతుకు అన్నడు గదనే అంది. అన్నాడు. అది కూడా రాయి.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. దాన్నీ అడగను. అది కళ్లు తుడుచుకుని మళ్లీ కలం పట్టింది, అదే చాలు. ఆయనకు చెప్పాల్సిన మాట ఆయనకు చెప్పినట్టే చెబుతాను, ఉన్నదున్నట్టు రాయమన్నాను.

నీ లైటు మంచిగనే ఉండె. నీ అతుకు మంచిగనే ఉండె. నీళ్లల్ల రాగి ఏసింది నేను.